గుంతలు పడ్డ టాక్సీవే మీద చిన్న విమానం నడపడం ఎలా

శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172ఎస్ ప్రొపెల్లర్ ఈ కొస నుంచి ఆ కొసకు 76 అంగుళాలు ఉంటుంది. టాక్సీ చేసేటప్పుడు, అంటే రన్‌వేకూ పార్కింగ్‌కూ మధ్య టాక్సీవే మీద విమానాన్ని నేల మీదే నడిపేటప్పుడు, ఇంజన్ 1000 ఆర్‌పీఎం మీద తాపీగా తిరుగుతున్నట్టే అనిపిస్తుంది కానీ, లెక్క వేసి చూస్తే ఆ బ్లేడ్ కొస అప్పటికే గంటకు 360 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది, 2700 ఆర్‌పీఎం దగ్గర అది 980 అవుతుంది. ఆ కొసకూ కింద తారుకూ మధ్య ఎడం ఎంతంటే జానెడు, కొన్ని విమానాల్లో ఇంకా తక్కువ. ముందు చక్రం ఉండే చిన్న విమానాలకు అమెరికా సర్టిఫికేషన్ నిబంధన చాలాకాలం అడిగిన కనీస ఎడం 7 అంగుళాలే. నేల సాఫీగా ఉన్నంతవరకు అది చాలు. తారు లేచిపోయి, అంచులు కుంగి, కంకర తేలిన చోట చాలదు.

బేగంపేటలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్నవాళ్లకూ, లైసెన్సుకు కావాల్సిన ఫ్లయింగ్ గంటలు పూర్తి చేసుకోవడానికి ఫ్లోరిడాకో టెక్సస్‌కో ఆరిజోనాకో వెళ్లిన మన పిల్లలకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. టేకాఫ్ గురించీ ల్యాండింగ్ గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. టాక్సీ దగ్గరకొచ్చేసరికి "పసుపు గీత మీద మెల్లగా పోనివ్వు" అని వదిలేస్తారు, మంచి ఎయిర్‌పోర్టులో అది సరిపోతుంది కూడా. చిన్న ఎయిర్‌ఫీల్డుల్లో, ఎప్పుడో వేసి ప్యాచీలతో నెట్టుకొస్తున్న స్ట్రిప్పుల్లో మాత్రం ఆ పసుపు గీత మిమ్మల్ని నేరుగా గుంతలోకి తీసుకెళ్లొచ్చు.

ముందు నేలను చదవడం నేర్చుకోవాలి

తారు ఎండకూ గాలికీ ఏళ్ల తరబడి మగ్గి జిగురు పోగొట్టుకుంటుంది. అప్పుడు పైపొరలోని సన్నకంకర ఒక్కొక్కటే ఊడి వస్తుంది. నల్లగా నున్నగా ఉండాల్సిన చోట బూడిదరంగులో గరుగ్గా, చెప్పు కింద కరకరలాడుతూ ఉందంటే అక్కడ రాళ్లు విడిపోతున్నాయన్నమాట. కాంక్రీటైతే పలకల మధ్య అతుకుల దగ్గర అంచులు పెచ్చులు పెచ్చులుగా రాలతాయి, ఆ పెచ్చులు కత్తుల్లా ఉంటాయి, టైరును కోస్తాయి. మనవైపు ఇంకో సంగతి కూడా ఉంది. నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది. దాని మీద సరైన పునాది లేకుండా తారు వేస్తే పైన కూడా పొడుగ్గా బీటలు పడతాయి, ఆ బీటల్లో నీళ్లు దిగుతాయి, గడ్డి మొలుస్తుంది, ఒక వర్షాకాలం గడిచేసరికి బీట కాస్తా గుంత అయిపోతుంది. బీటలో గడ్డి పచ్చగా కనిపిస్తే కింద మట్టి మెత్తబడిందని నేను అనుకుంటాను, దాని పక్కనుంచి పోతాను.

అంచు సంగతి వేరే చెప్పాలి. టాక్సీవే పక్క మట్టిని వాన కోసేస్తే తారు అంచు మెట్టులా మిగులుతుంది. గడ్డి కప్పేయడం వల్ల కాక్‌పిట్‌లోంచి చూస్తే అది కనిపించదు, తారూ నేలా ఒకే మట్టంలో ఉన్నట్టు ఉంటాయి. ఎదురుగా ఇంకో విమానం వస్తోందని మర్యాదకు కాస్త పక్కకు జరిగారనుకోండి, ఒక చక్రం ధడేలున దిగుతుంది. అలాంటి చోట పక్కకు జరగడం కన్నా ఆగిపోవడం మేలు.

ఎంత లోతైతే ప్రమాదం అని అడుగుతారు. అమెరికాలో పెద్ద విమానాల సర్వీసులు నడిచే ఎయిర్‌పోర్టులకు ఒక నిబంధన ఉంది: 3 అంగుళాలకు మించిన లోతు గుంత ఉండకూడదు, గుంత గోడ 45 డిగ్రీలు గానీ అంతకన్నా నిట్టనిలువుగా గానీ ఉండకూడదు, 5 అంగుళాల వెడల్పున్న వృత్తంతో మొత్తం మూసేయగలిగినంత చిన్న గుంతకు మాత్రం మినహాయింపు. తారు అంచు కూడా పక్క నేల కన్నా 3 అంగుళాలకు మించి ఎత్తుగా ఉండకూడదు. మూడు అంగుళాలంటే మన లెక్కలో బెత్తెడు, నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే వచ్చేంత. ఐదు అంగుళాలంటే సీడీ కన్నా కాస్త పెద్దది. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, బోయింగ్ 737 మెయిన్ టైరు మీటరుకు పైగా ఎత్తుంటుంది, మీ 172 ముందు టైరు ఎత్తు 14 అంగుళాలు. బెత్తెడు లోతు గుంతను 737 పట్టించుకోదు, మీ ముందు చక్రం మాత్రం ఇరుసుకు దాదాపు సగం ఎత్తు దాకా కూరుకుపోతుంది. పైగా మీరు దిగే చిన్న స్ట్రిప్పులకు ఆ నిబంధన వర్తించకపోవచ్చు కూడా. కాబట్టి నా కొలత రెండు వేళ్లు. రెండు వేళ్ల లోతు దాటితే దాని మీదుగా పోను.

ఇంజన్ స్టార్ట్ చేయకముందు

తెలియని చోట పార్క్ చేశారా, బయల్దేరే ముందు ఆ దారిని నడిచి చూడండి. మొత్తం కుదరకపోతే విమానం కదలాల్సిన మొదటి యాభై అడుగులైనా, ఫ్యూయల్ దగ్గరి మలుపైనా చూడండి. నేను కళ్లతో చూసి ఊరుకోను, కాలితో తట్టి చూస్తాను. రాయి కదులుతుందా, ప్యాచీ ఊగుతుందా, అంచు దగ్గర గడ్డిలో కాలు ఎంత దిగుతుంది, ఇవి కాలికి తెలిసినట్టు కంటికి తెలియవు. ప్రొపెల్లర్ కింద, దాని ముందు రెండు మూడు గజాల దాకా ఉన్న రాళ్లను చేత్తో ఏరి పారేయండి. ఎవరైనా నవ్వినా పట్టించుకోకండి, ఐదు నిమిషాల పని.

తర్వాత టైర్లు. 172ఎస్ హ్యాండ్‌బుక్ ముందు టైరుకు 45, మెయిన్ టైర్లకు 42 పీఎస్‌ఐ అంటుంది, పాత మోడళ్లలో అంకెలు వేరు, మీ విమానం పుస్తకం చూసుకోండి. గాలి తక్కువైతే ప్రొపెల్లర్ అంతమేరకు కిందికి దిగుతుంది, గుంత అంచు తగిలినప్పుడు రిమ్ము దెబ్బతింటుంది. ముందు స్ట్రట్, అంటే ముందు చక్రం కుదుపును మింగే కాలు, ఇంకా ముఖ్యం. దాని మెరిసే గొట్టం ఎంత బయటికి కనిపించాలో పుస్తకంలో ఉంటుంది, అది అణిగిపోయి కూర్చుని ఉంటే నాకు టెన్షన్ మొదలవుతుంది, ఆ విమానాన్ని పాడైన నేల మీదికి తీసుకెళ్లను. ఒక టైరు పూర్తిగా చదునైనా, ఆ స్ట్రట్ అడుగంటినా ప్రొపెల్లర్ నేలకు తగలకూడదని డిజైన్ నిబంధన చెబుతుంది, నిజమే. కానీ అది చదును నేల మీద చెప్పిన మాట. అణిగిన స్ట్రట్‌తో గుంతలోకి దిగితే లెక్క తప్పుతుంది.

నోటామ్‌లు, అంటే పైలట్లకు ఇచ్చే అధికారిక హెచ్చరికలు, చదవడం అందరూ చేస్తారు, "టాక్సీవే ఉపరితలం దెబ్బతింది, జాగ్రత్త" లాంటి వాక్యం దగ్గర మాత్రం కళ్లు జారిపోతాయి. ఆ వాక్యం కనిపిస్తే ఫోన్ చేసి ఎక్కడ, ఏ పక్క అని అడగండి. పేవ్‌మెంట్ బలానికి ఇచ్చే అంకె, అంటే ఇదివరకటి పీసీఎన్, 2024 నవంబర్ 28 నుంచి దాని స్థానంలో వచ్చిన పీసీఆర్, బరువు ఎంత మోయగలదో చెబుతుంది తప్ప గుంతల గురించి చెప్పదు. చిన్న విమానాలకు దానితో పెద్దగా పని లేదు.

కదిలాక

వేగం మనిషి నడక వేగం. చురుగ్గా నడిచే మనిషి కాదు, పక్కన పెద్దవాళ్లను చేయి పట్టుకుని నడిపిస్తున్న మనిషి. 1000 ఆర్‌పీఎం దగ్గర విమానం తనంతట తానే వేగం పుంజుకుంటే పవర్ తగ్గించండి. పవర్ అలాగే ఉంచి బ్రేకు నొక్కుతూ పోయే అలవాటు చాలామందికి ఉంటుంది, నున్నటి నేల మీద కూడా అది మంచిది కాదు, గుంతల్లో అయితే అసలు పనికిరాదు. ఎందుకంటే బ్రేకు వేసిన ప్రతిసారీ బరువు ముందుకు వాలి ముందు స్ట్రట్ అణుగుతుంది, ప్రొపెల్లర్ కిందికి వస్తుంది. సరిగ్గా గుంతలోకి దిగే క్షణంలో బ్రేకు మీద కాలుంటే రెండూ కలుస్తాయి. గతుకు కనిపించగానే ముందే వేగం తగ్గించుకుని, చక్రం దాన్ని తాకే సమయానికి బ్రేకు పూర్తిగా వదిలేయాలి.

యోక్ (చేతిలో ఉండే స్టీరింగ్ లాంటిది) పూర్తిగా వెనక్కి, పొట్టకు ఆనేలా. ప్రొపెల్లర్ గాలి పైకి లేచిన ఎలివేటర్‌ను, అంటే తోక దగ్గరి కదిలే పలకను, తాకి తోకను కిందికి నొక్కుతుంది, ముందు చక్రం మీద బరువు తేలికవుతుంది. వెనక నుంచి గట్టి గాలి వీస్తున్నప్పుడు మాత్రం ఇది చిక్కే, అప్పుడు యోక్ ముందుకు ఉంచమని మనకు నేర్పుతారు, గతుకులకేమో వెనక్కి ఉంచాలి. గాలి బలంగా ఉంటే నేను గాలి నియమమే పాటిస్తాను, వేగం ఇంకా తగ్గిస్తాను, దారి మార్చుకోవడానికి వీలుంటే మార్చుకుంటాను. తేలికపాటి వెనక గాలైతే ప్రొపెల్లర్ గాలిదే పైచేయి, వెనక్కే ఉంచుతాను.

అడ్డంగా ఉన్న మెట్టు లాంటి అంచును గానీ, ఉబ్బిన అతుకును గానీ దాటాల్సి వస్తే ఏటవాలుగా రాసుకుంటూ పోవద్దు, రోడ్డు అంచు ఎక్కబోయి బైకు జారినట్టే టైరు జారుతుంది, ముందు చక్రం పక్కకు మెలితిరుగుతుంది. నేరుగా గానీ, సుమారు 45 డిగ్రీల్లో ఒక్కో చక్రం విడిగా ఎక్కేట్టుగా గానీ దాటండి. మలుపు తిరిగేటప్పుడు ఒక చక్రాన్ని బిగించి దాని చుట్టూ గిర్రున తిప్పకండి. ఆ చక్రం కింద రాళ్లు టైరులోకి దిగిపోతాయి, అసలే బలహీనంగా ఉన్న తారు ఊడొచ్చేస్తుంది. లోపలి చక్రం కొద్దిగానైనా దొర్లుతూ ఉండాలి.

ముందు చక్రం గడగడా వణకడం మొదలైతే, దాన్నే షిమ్మీ అంటారు, యోక్ వెనక్కి లాగి వేగం తగ్గించండి. ప్రతి గతుకు తర్వాతా వణుకుతుంటే తప్పు నేలది మాత్రమే కాదు, షిమ్మీ డ్యాంపర్ పని కూడా అయిపోయి ఉండొచ్చు, ఇంజనీరుకు చెప్పండి.

చక్రం ఇరుక్కుంటే

ఈ ఒక్క విషయం కోసమే నేను ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

నా ట్రైనింగ్ రోజుల్లో ఒక పాత ఎయిర్‌ఫీల్డులో, వాన వెలిసిన సాయంత్రం, ఫ్యూయల్ దగ్గర్నుంచి తిరిగొస్తున్నాను. దారిలో చాప వెడల్పు నీళ్ల మడుగు, దాని మీద ఆకాశం మెరుస్తూ ఉంది. రోజూ తిరిగే దారే కదా అని దాని మీదుగా పోనిచ్చాను. ముందు చక్రం దిగింది, విమానం ఆగిపోయింది. ఆ క్షణంలో చేయి దానంతటదే థ్రోటిల్ మీదికి పోయింది, కారు గుంతలో పడితే యాక్సిలరేటర్ తొక్కినట్టు. ఇంజన్ గట్టిగా అరిచింది, ముక్కు ఇంకా కిందికి వంగింది, తర్వాత టపటపమని తడి సంచీని గోడకేసి కొట్టినట్టు శబ్దం, ఆర్‌పీఎం సూది ఒక్కసారి పడి లేచింది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ మిక్స్చర్ (ఇంజన్‌కు ఇంధనం ఆపే మీట) లాగేశారు. దిగి చూస్తే బ్లేడ్లు వంగలేదు, కొసల్లో రంగు మాత్రం కొట్టుకుపోయింది. "ఏం కాలేదులే" అన్నారు చుట్టూ చేరినవాళ్లు. ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకోలేదు. ఆ విమానం ఇంజన్ విప్పి చూసేదాకా ఎగరలేదు, నా బ్యాచ్ మొత్తానికి గంటలు ఆగిపోయాయి. ఆ రోజు ఆయన పట్టుబట్టడం వల్లే నాకీ విద్య ఒంటబట్టిందని ఇప్పటికీ అనుకుంటాను.

ముక్కు ఎందుకు వంగిందంటే, ప్రొపెల్లర్ లాగే బలం చక్రాల కన్నా ఎత్తులో ఉంటుంది. చక్రం కదలకుండా ఇరుక్కుని ఉంటే ఆ బలం విమానాన్ని ముందుకు నడిపించలేక ముందుకు వంచుతుంది. పవర్ పెంచినకొద్దీ కొస నేలకు దగ్గరవుతుంది. అందుకని చక్రం ఇరుక్కుంటే చేయాల్సింది ఒక్కటే: థ్రోటిల్ వెనక్కి, మిక్స్చర్ లాగి ఇంజన్ ఆపేయడం, మాగ్నెటోలు (ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి) ఆఫ్, తాళంచెవి తీసి చేతిలో పెట్టుకోవడం, టవర్ ఉంటే చెప్పడం. తర్వాత టో బార్ (ముందు చక్రానికి తగిలించి లాగే కడ్డీ) తెచ్చి, ఇద్దరు ముగ్గురు కలిసి వెనక్కి నెట్టి తీయడం. ప్రొపెల్లర్ పట్టుకుని గుంజొద్దు, దాని నడుమ ఉండే టోపీ, స్పిన్నర్, మీద చేయి వేసి తోయొద్దు. ఆపేసిన ఇంజన్ కూడా ఒక్కోసారి తిరుగుతుంది, మాగ్నెటో వైరు తెగి ఉంటే చాలు.

ప్రొపెల్లర్ దేనికైనా తగిలిందన్న అనుమానం వస్తే దాన్ని మీలోనే దాచుకోవద్దు. ఇంజన్ తయారుచేసే లైకమింగ్ కంపెనీ సర్వీస్ బులెటిన్ 533 ప్రకారం నీళ్లకో ఎత్తైన గడ్డికో తగిలి ఆర్‌పీఎం ఒక్కసారిగా పడిపోయినా అది ప్రాప్ స్ట్రైకే, అంటే ప్రొపెల్లర్‌కు దెబ్బ తగిలినట్టే, బ్లేడ్ మీద గీత కూడా లేకపోయినా సరే. ఆ దెబ్బ క్రాంక్‌షాఫ్ట్ వెనక గేరు దాకా పాకుతుంది. ఆ గేరును పట్టి ఉంచే బోల్టూ పిన్నూ దెబ్బతింటే ఇంజన్ గాల్లో ఆగిపోవచ్చు, అందుకే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2004లో దాని తనిఖీని తప్పనిసరి చేస్తూ ఆదేశం ఇచ్చింది. మీరు దాచిన శబ్దం ఇంకో స్టూడెంట్ ఒంటరిగా ఎగిరే సోలో రోజున బయటపడుతుంది.

కంకర తేలిన చోట

ప్రొపెల్లర్ తిరుగుతున్నప్పుడు దాని కింద చిన్న సుడి పుడుతుంది, దుమ్ములో అయితే కంటికి కనిపిస్తుంది కూడా. అది రాళ్లను పైకి పీల్చి బ్లేడ్‌లోకి విసురుతుంది. విమానం నిలబడి ఉండగా పవర్ పెంచినప్పుడే ఇది ఎక్కువ, కదులుతుంటే సుడి వెనకబడిపోతుంది. కాబట్టి రన్-అప్ (టేకాఫ్‌కు ముందు పవర్ పెంచి ఇంజన్‌ను పరీక్షించడం) కోసం శుభ్రమైన చోటు వెతుక్కోండి, గాలికి ఎదురుగా నిలబడండి, అవసరమైతే రన్‌వే ముందు ఆగే హోల్డింగ్ పాయింట్ కన్నా ముందే మంచి తారు దొరికిన చోట చేసేయండి. కదలడం మొదలుపెట్టడానికి కూడా పవర్ ఒక్కసారిగా కాక మెల్లగా పెంచండి. రెక్కల వెనక కిందికి దిగే ఫ్లాప్స్ ఎత్తి ఉంచండి, రాళ్లు వాటికే ఎక్కువ తగులుతాయి. మీ తోక ఎటు తిరిగి ఉందో కూడా చూసుకోండి, మీ వెనక విమానం అద్దానికో, నిలబడ్డ మనిషి కంటికో ఆ రాయి తగలొచ్చు.

పెద్ద జెట్లకూ ఇదే బాధ. అలాస్కా, కెనడాల్లో కంకర రన్‌వేల మీద దిగేందుకు బోయింగ్ 737-200లకు ముందు చక్రం దగ్గర రాళ్లను అడ్డుకునే పలక, ఇంజన్ల ముందు ఆ సుడిని చెదరగొట్టే గొట్టాలు పెట్టారు. నేల మీద పడి ఉన్న చిన్న వస్తువు ఎంత పని చేస్తుందో 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ విషయంలో ప్రపంచమంతా చూసింది, ఇంకో విమానం నుంచి ఊడిపడిన లోహపు పట్టీ టైరును చీల్చింది, 113 మంది పోయారు. అది గుంత వల్ల కాదు, కానీ పాడైన తారు రోజూ అలాంటి ముక్కలనే పుట్టిస్తుంటుంది.

నీళ్లు, చీకటి, ఎండ

మడుగు కనిపిస్తే దాన్ని గుంతగానే లెక్కించండి. రాత్రి పూట టాక్సీ లైటు వెలుగులో గుంత నీడ, తడి మచ్చ, రబ్బరు మరక ఒకేలా ఉంటాయి, అందుకని తెలియని చోట పగలే వెళ్లి పగలే బయల్దేరేట్టు చూసుకుంటాను.

ఎండ గురించి మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, మే నెలలో రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకోవడం చూసినవాళ్లమే. 2012 జులై 6న వాషింగ్టన్ రీగన్ ఎయిర్‌పోర్టులో ఒక చిన్న జెట్ ఆగి ఉన్న చోటే మెత్తబడ్డ తారులో చక్రాలు దిగి ఇరుక్కుపోయింది, లాగడానికి మొదట వచ్చిన బండి వల్ల కాక ఇంకా పెద్దది తేవాల్సి వచ్చింది. మండుటెండలో గంటల తరబడి పార్క్ చేయాల్సి వస్తే కాంక్రీటు ఉన్న చోటు అడగండి, లేకపోతే చక్రాల కింద మందపాటి చెక్క పలకలు వేయండి.

దిగాక

ఇంజన్ ఆపి, తాళంచెవి తీశాక, ప్రొపెల్లర్ ఇంకా బతికే ఉందనుకుని దాని దారిలోంచి ఒళ్లు పక్కకు పెట్టుకుని, బ్లేడ్ ముందు అంచు మీద వేలిగోరును మొదలు నుంచి కొస దాకా మెల్లగా జార్చండి. గోరు ఎక్కడైనా ఆగితే అక్కడ గాటు ఉన్నట్టు. కంటికి ఆవగింజంత కనిపించే గాటు దగ్గరే బ్లేడ్ మీద పడే ఒత్తిడి అంతా పోగవుతుంది, అక్కడి నుంచి పగులు మొదలవుతుంది. పగులు పెరిగి కొస ముక్క ఎగిరిపోతే బ్యాలెన్స్ తప్పిన ఇంజన్ తన మౌంట్లనే చీల్చుకోగలదు. గాటును ఇంజనీరు ఆకురాయితో నున్నగా సాఫు చేస్తారు, ఎంతవరకు సాఫు చేయొచ్చో కొలత ఉంటుంది. మీరు ముట్టుకోవద్దు, విమానం లోపాలు రాసే టెక్ లాగ్‌లో రాయండి. తర్వాత టైర్లలో దిగిన రాళ్లు, కోతలు, బ్రేకు గొట్టాలు, చక్రాల తొడుగుల్లో బురద, తోక ముందు అంచున సొట్టలు చూసుకోండి. గుంతలో గట్టిగా దిగి ఉంటే ముందు గేర్ బిగించి ఉండే ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) మీద ముడతలు వచ్చాయేమో ఇంజనీరును చూడమనండి.

ఇక టవర్ చెప్పిన దారి పాడైందని మీకు తెలిస్తే "అనేబుల్" (నాకు కుదరదు) అని చెప్పి వేరే దారి అడగండి. క్లియరెన్స్ ఇచ్చారంటే దారి ఖాళీగా ఉందని అర్థం, నేల బాగుందని కాదు. కొత్త స్టూడెంట్లు ఈ మాట అనడానికి మొహమాటపడతారు. అనొచ్చు, అనాలి కూడా. దిగాక గుంత పక్కన పెన్ను పెట్టి ఫోటో తీసి, ఏ టాక్సీవే, ఏ జంక్షన్ నుంచి ఎన్ని అడుగులు, గీతకు ఏ పక్క అన్నది రాసి ఎయిర్‌ఫీల్డు వాళ్లకు ఇవ్వండి. "టాక్సీవే బాగోలేదు" అని చెబితే ఎవరూ కదలరు, "హ్యాంగర్ మలుపు దగ్గర గీతకు ఎడమ పక్క బెత్తెడు లోతు" అంటే ఒక మనిషి బండి వేసుకుని వెళ్లి చూసొస్తాడు. మనదేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు స్వచ్ఛందంగా రిపోర్టు ఇచ్చే వీలుంది, అమెరికాలో నాసా నడిపే భద్రతా రిపోర్టుల వ్యవస్థ ఏఎస్‌ఆర్‌ఎస్‌కు పంపొచ్చు, అక్కడ మీ పేరు బయటికి రాదు. వారం తర్వాత గుంత అలాగే ఉంటే మళ్లీ ఫోటో తీసి మళ్లీ పంపండి. ఈలోపు క్లబ్బు బోర్డు మీద టాక్సీవే బొమ్మ గీసి అక్కడ ఎర్ర చుక్క పెట్టండి, తర్వాతి బ్రీఫింగ్‌లో ఎవరు సోలోకి వెళ్తున్నారో వాళ్లకు ఆ చుక్క చూపించండి.